ఆ ఒక్క పేజీ ఖాళీగా వదిలెయ్

తమ్ముడూ,

నువ్వు పిల్లల కోసం రాసి, కలర్ ప్రింట్లు తీసి పిన్ను కొట్టి పంపిన ఈస్టర్ పుస్తకం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. పొద్దున్న పక్కింటి నాలుగేళ్ళ పాపని ఒళ్ళో కూచోబెట్టుకుని మూడోసారి చదివాను. నా అభిప్రాయం తర్వాత, ముందు ఆ పాప ఏం చేసిందో చెప్తాను.

మొదటి పేజీలు బాగానే వింది. గాడిదని చూసి నవ్వింది. 'పునరుత్థానము', 'మరణపు ముల్లు', 'రక్షణ' అంటూ నువ్వు ఎనిమిది లైన్లు రాసిన పేజీ దగ్గర నా గాజులు లెక్కపెట్టడం మొదలెట్టింది. సమాధి బొమ్మ రాగానే మళ్ళీ ముందుకి వంగి, ఆ నల్లటి గుమ్మంలో వేలు పెట్టి "లోపల ఎవరున్నారు?" అంది. నేను నోరు తెరిచేలోపే తనే పేజీ తిప్పింది. తిప్పితే ఏముంది, మీ ఫ్రెండ్ వేసిన యేసుప్రభువు, తెల్ల బట్టలు, చేతిలో జెండా, చుట్టూ పసుపు కిరణాలు. అచ్చం మన ఇళ్ళల్లో గోడకి వేలాడే చర్చి క్యాలెండర్ బొమ్మ. పాప "ఓ" అనేసి, మళ్ళీ వెనక్కి తిప్పి ఆ నల్ల గుమ్మం దగ్గరే కూచుంది.

నీ పుస్తకం మొత్తం ఆ గుమ్మంలో ఉందిరా. బైబిల్లో యేసు కథ చెప్పే నాలుగు సువార్తలూ ఇంకోసారి తీసి చూడు, యేసు లేచిన ఆ క్షణం ఎలా ఉందో ఒక్కరూ రాయలేదు. మత్తయిలో భూకంపం, రాయి మీద కూచున్న దూత. మార్కులో ముగ్గురు ఆడవాళ్ళు, తెల్ల బట్టలేసుకున్న ఒక యువకుడు. లూకాలో మెరిసే బట్టల్లో ఇద్దరు మనుషులు. యోహానులో ఇంకా చీకటి ఉండగానే వచ్చిన మగ్దలేనే మరియ. అందరూ వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది, చూసినవాళ్ళు ఎవరూ లేరు. జెండా పట్టుకుని సమాధిలోంచి లేచే బొమ్మ తర్వాత కాలపు యూరప్ చిత్రకారులు అలవాటు చేసింది. గ్రీసు, రష్యా లాంటి చోట్ల ఉన్న తూర్పు సంఘాల పాత పద్ధతి వేరు, ఇస్తాంబుల్‌లో ఒకప్పటి కోరా చర్చి (ఇప్పుడు మసీదు) గోడ మీద 14వ శతాబ్దం నాటి బొమ్మ చూడు, అందులో యేసు ఆదామునీ హవ్వనీ మణికట్టు పట్టుకుని సమాధుల్లోంచి బయటికి లాగుతుంటాడు. అదీ గొప్ప బొమ్మే. కానీ నాలుగేళ్ళ పిల్లకి మాత్రం ఏ బొమ్మా వద్దు, నల్ల గుమ్మం చాలు. పేజీ తిప్పితే లోపల ఎవరూ లేరు, మడత పెట్టిన గుడ్డ ఉంది, అంతే. జెండా బొమ్మ తీసెయ్ అంటే మీ ఫ్రెండ్ బాధపడతాడని తెలుసు. తీసెయ్.

ఆ గుడ్డ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్తున్నా, నువ్వు నాలుగు సువార్తలూ కలిపి ఒకే కుండలో ఉడకబెట్టావు, అందుకే ఒక పేజీలో దూత ఒక్కడు, ఇంకో పేజీలో ఇద్దరు. సండే స్కూల్లో నీ పిల్లలే పట్టుకుంటారు చూడు. ఒక్క సువార్తే తీసుకో. నన్నడిగితే యోహాను. అందులో చిన్నపిల్లల కోసమే రాశాడా అనిపించేవి ఎన్నున్నాయో! పేతురూ ఇంకో శిష్యుడూ సమాధి దాకా పరుగెత్తడం, ఇద్దరిలో ఎవరు ముందు చేరారో కూడా రాయడం. ఇంతకన్నా పిల్లలకి నచ్చేది ఏముంటుంది? తల రుమాలు నారబట్టల దగ్గర కాకుండా విడిగా చుట్టిపెట్టి ఉండటం. ఏడుస్తున్న మరియ ఆయన్ని తోటమాలి అనుకోవడం. ఫ్లోరెన్స్‌లో సాన్ మార్కో మఠం గోడ మీద ఫ్రా ఆంజెలికో 1440ల ప్రాంతంలో వేసిన బొమ్మలో యేసు భుజాన నిజంగానే తోటపని పార ఉంటుంది. మీ ఫ్రెండ్‌కి చూపించు. కాపీ కొట్టమని కాదు, ఒక్క పారతో కథ ఎలా చెప్పొచ్చో తెలుస్తుందని.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టిన పేజీ. శుక్రవారం పేజీలో "యేసయ్య నిద్రపోయాడు" అని రాశావు. ఎందుకు రాశావో అర్థమైంది, మూడేళ్ళ పిల్లలకి చావు మాట ఎలా చెప్పాలా అని. కానీ మా ఇంట్లో జరిగింది విను. మా నాయనమ్మ పోయినప్పుడు నాకు ఐదేళ్ళు. ఊళ్ళో అయ్యగారు "ప్రభువునందు నిద్రించారు" అన్నారు, మనవాళ్ళంతా అనే మాటే. ఆ తర్వాత వచ్చిన ఈస్టర్‌కి, ఇంకా తెల్లారకముందే, నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని సమాధుల తోటకి తీసుకెళ్ళాడు. ముందురోజే సున్నాలు కొట్టారు, తడి సున్నం వాసన, బంతిపూలు, ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు, గాలికి ఒకటి ఆరితే పక్కదానితో వెలిగిస్తున్నారు. అందరూ "లేచాడు, లేచాడు" అని పాడుతున్నారు. నేను నాయనమ్మ సమాధి పక్కన చతికిలబడి కూచున్నాను, లేస్తుందేమోనని. ఎండెక్కింది, కొవ్వొత్తులన్నీ కరిగిపోయాయి, నాన్న పోదాం పదమన్నాడు, నేను రానని ఒకటే ఏడుపు. లంగా అంతా సున్నం అయిందని అమ్మ తిట్టింది కూడా. ఆ తర్వాత కొన్ని నెలలు రాత్రిళ్ళు నిద్రపోవడానికి భయపడేదాన్ని, నిద్రపోతే నన్నూ మట్టిలో పెడతారని. ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి "చనిపోయాడు" అనే రాయి. ఒక్క మాట, సాగదీయకు. మేకులూ రక్తమూ వద్దు, సిలువని దాచడమూ వద్దు. ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారని యోహానులో కాదు గానీ మిగతా మూడు సువార్తల్లో ఉంది, ఈ ఒక్కటి వాటి నుంచి తీసుకో, మీ ఫ్రెండ్‌ని కూడా అక్కడే నిలబడి చూడమను. కొండ చిన్నగా, మూడు సిలువలు ఇంకా చిన్నగా, ముందు వాళ్ళ వీపులు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఒక చెయ్యి. పిల్లలకి ఎంత దగ్గరికి వెళ్ళాలో వాళ్ళే వెళ్తారు.

ఆ తర్వాత శనివారం. నువ్వు శుక్రవారం నుంచి ఆదివారానికి ఒక్క గెంతు గెంతావు. అందరూ అదే చేస్తారు. ఆ రోజు యూదుల విశ్రాంతి దినం, ఆ ఆడవాళ్ళు సమాధి దగ్గరికి వెళ్ళలేదు. ఆ ఒక్క రోజుకి రెండు పేజీలూ కలిపి ఇచ్చెయ్, ఒక్క అక్షరం లేకుండా. మూసిన తలుపు, ఆర్పిన దీపం, ఎవరూ ముట్టని రొట్టె, చాలు. ఆ పేజీలో చదివేవాళ్ళు కూడా ఏం మాట్లాడాలో తెలియక ఆగుతారు, ఆగనీ.

బొమ్మల్లో చిన్న చిన్న తప్పులున్నాయి. ఆదివారం తెల్లవారుజామున ఆకాశంలో నెలవంక వేశాడు. ముచ్చటగానే ఉంది గానీ కుదరదు. యేసు చనిపోయింది యూదుల పస్కా పండుగప్పుడు, అది పౌర్ణమికి వస్తుంది, అంటే ఆ ఆదివారం మన లెక్కలో బహుళ విదియో తదియో, చంద్రుడు ఇంకా దాదాపు నిండుగా పడమటి వైపు ఉంటాడు. ఈస్టర్ తేదీ ఏటా మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య అటూ ఇటూ అవుతున్నదీ ఆ పౌర్ణమి వల్లే. నాలుగేళ్ళ పిల్లలకి తిథి ఏం తెలుస్తుంది అంటావేమో. పక్కన కూచుని చదివే తాతకి తెలుస్తుంది. రెండోది, యెరూషలేములో కొబ్బరిచెట్లు. తీసేసి ఒలీవ చెట్లు వెయ్యమను. యేసు గాడిదెక్కి ఊళ్ళోకి వచ్చే మట్టల ఆదివారం పేజీలో మాత్రం మనకి ఒక వెసులుబాటు ఉంది. అక్కడ జనం పట్టుకున్నవి ఖర్జూరపు మట్టలు, మన ఈతచెట్టు ఖర్జూరానికి దగ్గరి చుట్టమే, ఈత మట్ట ఎలా ఉంటుందో నీ పిల్లలందరికీ తెలుసు. మూడోది, యేసయ్యకి నీలి కళ్ళు. దాని గురించి ఏం చెప్పను, మార్చమను.

ప్రతి పేజీలో దాక్కున్న కుందేలుని వెతకండి అనే ఆట మీ ఫ్రెండ్ ఐడియానే అనుకుంటా. ఆట మంచిదే, కుందేలే ఈ ఊరిది కాదు. ఈస్టర్ కుందేలు జర్మనీ నుంచి వచ్చింది, 1682లో ఒక జర్మన్ వైద్యుడు దాని గురించి రాసినట్టు ఆధారం ఉంది. రంగుల గుడ్లు ఇంకా పాతవి, ఈస్టర్ ముందు ఉపవాస కాలంలో గుడ్లు తినకూడదనేవారు, కోళ్ళకి ఆ సంగతి తెలియదు కదా, పండగ నాటికి గుడ్లు పోగుపడేవి. తూర్పు సంఘాలవాళ్ళు ఇప్పటికీ ఎర్రరంగు గుడ్లు పంచుకుంటారు. అవన్నీ ఇంకో పుస్తకానికి పనికొస్తాయి. ఇక్కడ కుందేలు బదులు పిచ్చుకని పెట్టు. యెరూషలేములో పిచ్చుకలున్నాయి, సువార్తలో కూడా ఉన్నాయి. శనివారం పేజీలో అది గూట్లోంచి తల మాత్రం బయటపెట్టి ఉంటే చాలు.

భాష గురించి ఎక్కువ చెప్పను. గట్టిగా చదువు, ఊపిరి అందని చోట వాక్యం తెంచు. 'లేచియున్నాడు' బైబిల్లో బాగుంటుంది, నీ పుస్తకంలో 'లేచాడు' అను. ఒకచోట యేసు, ఇంకోచోట ఏసు, ఒక పేజీలో సిలువ, ఇంకో పేజీలో శిలువ అని ఉన్నాయి, ఏదో ఒకటి పట్టుకో. రెండు పేజీలకి కలిపి పాతిక మాటలు దాటితే బొమ్మ చేసే పని నువ్వు చేస్తున్నావని అర్థం. "ఆకాశం ఎర్రగా ఉంది" అని రాశావు, ఆకాశం ఎర్రగానే వేశాడు కదా అతను!

ప్రెస్ విషయంలో నాలా దెబ్బ తినకు. నా మొదటి బొమ్మల పుస్తకం ఒక ప్రెస్‌కి ఇచ్చి, ప్రూఫ్ చూడకుండా ఊరెళ్ళాను. వచ్చేసరికి వెయ్యి కాపీలు కట్టలు కట్టి ఉన్నాయి. రెండు పేజీల మధ్యలో వేసిన అమ్మ మొహం సగం ఒక పక్కా సగం ఇంకో పక్కా పోయి, ముక్కు పిన్నుల కింద ఇరుక్కుపోయింది. కంప్యూటర్ మీద నారింజ రంగులో వెలిగిపోయిన సూర్యోదయం కాగితం మీద తడిసిన ఇటుక రంగు. తప్పు వాళ్ళదెంతో నాదీ అంతే. నీది పూర్తిగా తెల్లవారుజాము పుస్తకం, కాబట్టి ఆ ఆకాశం పేజీ ఒక్కటైనా అసలు కాగితం మీద వేయించి చూడకుండా ఒప్పుకోకు. మధ్య మడత దగ్గర మొహాలూ చేతులూ పెట్టొద్దని అతనికి ఇప్పుడే చెప్పు. పేజీలు నాలుగు గుణకంలో ఉండాలి, పదహారు పేజీల ఫారాలు రెండు తీసుకుంటే 32, నీకు అది సరిగ్గా సరిపోతుంది. శనివారానికి చోటు దొరుకుతుంది.

చివరి పేజీలో "పిల్లలూ, మనం కూడా..." అని మొదలెట్టి నువ్వు చేసిన ప్రసంగం కొట్టేశాను, ఏమనుకోకు. దాని బదులు యోహాను చివరి అధ్యాయం పెట్టు. రాత్రంతా వల వేసి ఒక్క చేపా పడక అలిసిపోయినవాళ్ళకి తెల్లారాక వల నిండా నూట యాభై మూడు చేపలు, ఒడ్డున నిప్పుల మీద కాలుతున్న చేప, రొట్టె, "రండి, తినండి" అని పిలుపు. పొగ, తడి వల, ఆకలి. మన పిల్లలకి చేప కాల్చిన వాసన ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

మార్చినవన్నీ అయ్యాక మళ్ళీ ఇలాగే పిన్ను కొట్టి పంపు, ఫోన్లో పీడీఎఫ్ పెట్టకు. పాప తిప్పి చూడాలి. అన్నట్టు నల్ల గుమ్మం పేజీ నా దగ్గర లేదు, అది చింపుకుని పట్టుకుపోయింది, తిరిగి ఇవ్వమంటే ఇవ్వట్లేదు. ఆ ఒక్కటి ఇంకో ప్రింటు తీయించు.

నీ అక్క