చేతికొచ్చే జీతం ఒక్కటే చూడకండి

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి బీఎస్సీ కెమిస్ట్రీ చేశాడు. పరవాడలో ఒక ఫార్మా కంపెనీ రెండేళ్ల కాంట్రాక్టు మీద నెలకు 20 వేలు (బేసిక్ 15 వేలు) ఇస్తానంది. పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పోను దాదాపు 18 వేలు వస్తాయి. మధురవాడలో ఒక చిన్న సంస్థ ‘కన్సల్టెంట్’గా 24 వేలు ఇస్తుందట, పీఎఫ్ కోత లేదు. వాడు రెండోదానికే మొగ్గుతున్నాడు. ఏది మంచిది? – ఒక తల్లి

జవాబు: అమ్మా, నేనైతే పరవాడే అంటాను. ఆరు వేల తేడా పైకి కనిపించేది మాత్రమే. పీఎఫ్ కింద బేసిక్ మీద 12 శాతం, అంటే 1,800 అబ్బాయి జీతంలోంచి పోతే, కంపెనీ కూడా అంతే కలుపుతుంది. అందులో 1,250 పింఛను ఖాతాకు వెళ్తుంది. ఈఎస్‌ఐకి అబ్బాయి 150 కడితే కంపెనీ 650 కడుతుంది. ఇక గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఒకేసారి ఇచ్చే మొత్తం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగికి ఐదేళ్లు అక్కర్లేదు, ఏడాది పనిచేస్తే చాలు. 15 వేల బేసిక్ మీద అది ఏడాదికి సుమారు 8,650. ఇవన్నీ కలిపితే పరవాడ ఉద్యోగం విలువ నెలకు 23 వేలు దాటుతుంది. తేడా వెయ్యి కూడా లేదు. పైగా కన్సల్టెంట్ ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి.

డబ్బు కంటే నాకు ముఖ్యమనిపించేది ఆరోగ్యం. కెమికల్ ప్లాంటులో పనిచేసే కుర్రాడికి ఈఎస్‌ఐ ఉండి తీరాలి. అతని మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ వైద్యం అందుతుంది. కన్సల్టెంటుకు జ్వరమొస్తే ఆ రోజు డబ్బులూ పోతాయి, మందుల ఖర్చూ తనదే.

ఒక్కటి మాత్రం చూసుకోండి. ఆఫర్ లెటర్ కంపెనీ పేరుతో ఉందా, లేబర్ కాంట్రాక్టర్ పేరుతోనా? మన పారిశ్రామిక ప్రాంతంలో రెండిటినీ ‘కాంట్రాక్టే’ అంటారు. ఏడాదికే గ్రాట్యుటీ అన్నది కంపెనీతో నేరుగా రాసుకున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఒప్పందానికి. లెటర్లో ‘ఫిక్స్‌డ్ టర్మ్’ అన్న మాట లేకపోతే చేరకముందే హెచ్‌ఆర్‌ని అడిగి రాయించుకోండి, మొహమాటపడొద్దు.

రెండేళ్ల తర్వాత ఉద్యోగం మారితే పీఎఫ్ డబ్బు తీసేయకుండా అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కింద కొత్త కంపెనీకి బదిలీ చేసుకోమనండి. నెలనెలా పింఛను రావాలంటే మొత్తం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. పింఛను డబ్బు కూడా మధ్యలో తీసుకుంటే ఆ సర్వీసు లెక్కలోంచి పోతుంది.