అమెరికాలో పాత మానసిక ఆసుపత్రులు రెక్కలు చాచిన పక్షిలా ఎందుకు ఉంటాయి?

ఆ ఆకారం అందం కోసం కాదు, వైద్యం కోసం. ఫిలడెల్ఫియాకు చెందిన డాక్టర్ థామస్ కిర్క్‌బ్రైడ్ మంచి గాలి, వెలుతురు, కిటికీలోంచి కాస్త పచ్చదనం ఉంటే చెదిరిన మనసు కుదుటపడుతుందని గట్టిగా నమ్మాడు. రోగులను గొలుసులతో కట్టేసిన కాలం చూసినవాళ్లకు ఇది ఎంత పెద్ద మార్పో ఊహించండి.

ఆయన ఆలోచన ప్రకారం కట్టిన వెస్ట్ వర్జీనియాలోని వెస్టన్ ఆసుపత్రినే తీసుకోండి. చేత్తో చెక్కిన రాళ్లతో 1858లో పని మొదలై, అంతర్యుద్ధం వల్ల మధ్యలో ఆగి, 1881కి గానీ పూర్తి కాలేదు. రోగులు మాత్రం 1864లోనే వచ్చారు. మధ్యలో ఆఫీసు, పైన గడియారపు గోపురం. దానికి రెండు పక్కలా వార్డులు, ఒకవైపు ఆడవాళ్లకు, ఇంకోవైపు మగవాళ్లకు. ఒక్కో వార్డు ముందుదానికంటే కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. అసలు కిటుకు అదే. వార్డులన్నీ ఒకే వరసలో కట్టేస్తే మధ్య వరండాలు చీకటి సొరంగాలైపోతాయి. ఇలా మెట్లుమెట్లుగా కడితే ప్రతి వరండా చివరా కిటికీ పెట్టొచ్చు, గాలి ఆ చివర నుంచి ఈ చివరకు ఆడుతుంది. బాగా ఆందోళనగా ఉన్నవాళ్లను దూరపు వార్డుల్లో ఉంచేవాళ్లు, నెమ్మదించినవాళ్లు మధ్యకు దగ్గరగా ఉండేవాళ్లు.

నాకు బాధ కలిగించేది తర్వాతి కథ. 250 మంది కోసం కట్టిన చోట 1950ల నాటికి దాదాపు 2,400 మందిని కుక్కారు. అంత కిక్కిరిశాక ఆ కిటికీలు మాత్రం ఏం చేస్తాయి? కొత్త మందులు, చికిత్సలు వచ్చి రోగులు తగ్గారు. 1994లో మూసేశారు, 2007లో వేలంలో అమ్మేశారు. ఇప్పుడు టికెట్ కొని లోపల చూడొచ్చు.