ఇక్కడ ఉపదేశి ఇంటికి రాడు: చిన్నపిల్లలతో అమెరికా వచ్చిన ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళకి

మొన్న ఆదివారం మా గుంటూరు జిల్లా ఫిరంగిపురం వైపు అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. డల్లాస్ వచ్చి నాలుగు నెలలైందంట, బాబుకి ఏడేళ్ళు, పాపకి పది నెలలు. "అక్కా, ప్రతి ఆదివారం చర్చిలో పూజకెళ్తున్నాం వస్తున్నాం, ఒక్కళ్ళు కూడా మీరెవరు అని అడగలేదు, ఫాదర్ గారు గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి కలిపి గుడ్ మార్నింగ్ అంటారు అంతే, మావాడికి ఫస్ట్ కమ్యూనియన్ (పూజలో మొదటిసారి ఇచ్చే సత్ప్రసాదం) ఎప్పుడిస్తారో ఎవర్నడగాలో కూడా తెలీట్లేదు" అంది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే 14 ఏళ్ళ కింద నేనూ ఇట్లాగే ఎనిమిది నెలలు వెనక బల్లమీద కూచుని వచ్చేశా. ఆమెకి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుందని.

ముందు ఒక్కటి అర్థం చేసుకోండి. మన ఊళ్ళో ఉపదేశి ఉంటాడు, ఏ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) బాకీ ఉందో, ఎవడు మూడు వారాలు పూజకి రాలేదో అన్నీ ఆయనకి తెలుసు, మనం మర్చిపోయినా ఆయన మర్చిపోడు, గుమ్మంలోకొచ్చి మరీ అడుగుతాడు. ఇక్కడ అట్లాంటి మనిషి లేడు. నువ్వెళ్ళి పేరు రాయించుకోకపోతే పదేళ్ళు పూజకెళ్ళినా విచారణ (అంటే పారిష్) లెక్కలో నువ్వు లేనట్టే. పారిష్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఫారం ఉంటుంది, చాలాచోట్ల వెబ్‌సైట్లోనే నింపొచ్చు, పది నిమిషాల పని. తర్వాత ఇంటికి కానుక కవర్లు పంపిస్తారు, లేదా ఆన్‌లైన్లో కట్టుకోమంటారు. దీనికి మనవాళ్ళు తెగ మొహమాటపడతారు, ఎంత వెయ్యాలో ఏమో అని. ఎంతైనా వెయ్యొచ్చు, మేం మొదట్లో వారానికి పది డాలర్లు వేసేవాళ్ళం, ఎవ్వరూ ఏమనలేదు. కాకపోతే నోట్లు అట్లాగే బుట్టలో పడెయ్యకుండా కవర్లో పెట్టి వెయ్యండి. రేపు నువ్వు ఎవరి బిడ్డకైనా జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా (గాడ్‌మదర్‌గా) నిలబడాలంటే మీ విచారణ నుంచి లెటర్ కావాలి, కాథలిక్ స్కూల్లో విచారణ వాళ్ళకిచ్చే తగ్గింపు ఫీజు కావాలన్నా ఆఫీసు వాళ్ళే చెప్పాలి, అప్పుడు వాళ్ళు చూసేది రిజిస్ట్రేషను, కవర్లు. ఏడాది చివర ట్యాక్స్ కోసం స్టేట్‌మెంట్ కూడా ఇస్తారు.

ఇక కాగితాలు. జ్ఞానస్నానం సర్టిఫికెట్ లేకుండా ఇక్కడ కమ్యూనియన్, పెళ్ళి లాంటి ఏ సంస్కారమూ ముందుకి సాగదు. బాబుది ఇండియాలో అయ్యుంటే ఆ గుడి రిజిస్టర్ నుంచి తెప్పించుకోవాలి, మామగారికో అన్నయ్యకో చెప్తే వెళ్ళి రాయించి వాట్సాప్‌లో ఫోటో పెడతారు, అసలుది ఎవరైనా వచ్చేటప్పుడు పట్టుకొస్తారు. ఇక్కడే మన పేర్ల గొడవ మొదలవుతుంది. రిజిస్టర్లో శౌరి అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంకేదో ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక, తండ్రి పేరేమో ఒట్టి ఇన్నయ్య. ఆఫీసులో ఉండే అమెరికన్ పెద్దావిడకి శౌరి అంటే జేవియర్ అనీ, రాయప్ప అంటే పీటర్ అనీ, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్ అనీ ఎట్లా తెలుస్తుంది పాపం. మా ఆయన చెప్తే ఆవిడ తెగ ముచ్చటపడి చిన్న కాగితం మీద రాసుకుంది. కానీ ప్రతిచోటా అంత ఓపిక ఉండదు, అందుకని పాస్‌పోర్టు కాపీ, బర్త్ సర్టిఫికెట్ కూడా జతచేసి ఇవ్వండి, అమ్మానాన్నల పేర్లు, పుట్టినరోజు కలిస్తే సరిపోతుంది. ఇంకో సంగతి, పిల్లాడు ఇక్కడ భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్, జ్ఞానస్నానం తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) తీసుకున్నా, రేపు ఎక్కడ పెళ్ళి చేసుకున్నా, ఆ కబురు తిరిగి జ్ఞానస్నానం ఇచ్చిన గుడికే వెళ్ళాలి, ఆ రిజిస్టర్లోనే రాస్తారు. గుంటూరు జిల్లాలో ఆ పాత పెద్ద పుస్తకమే వాడి జీవితాంతం ఖాతా అన్నమాట, ఆ గుడి అడ్రసు సరిగ్గా రాసిపెట్టుకోండి.

ఫస్ట్ కమ్యూనియన్ సంగతి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. మాకు చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మఠంలో అమ్మగార్లు (సిస్టర్లు) కూచోబెట్టి జపాలు బట్టీ పట్టించి, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేయించి, సెలవులయ్యేలోపే ప్రథమ దివ్యసత్ప్రసాదం ఇచ్చేసేవాళ్ళు. ఇక్కడా అంతే అనుకున్నా. ఇక్కడ మామూలుగా సెకండ్ గ్రేడ్‌లో ఇస్తారు, కానీ చాలా విచారణల్లో రెండేళ్ళు క్లాసులకి రావాలి, అంటే ఫస్ట్ గ్రేడ్‌లోనే చేర్పించాలి. క్లాసులు సెప్టెంబరు నుంచి మే దాకా, పేర్లు రాయించుకునేది ఎండాకాలంలో. ఇవేవీ తెలీక మా పెద్దాణ్ణి సెకండ్ గ్రేడ్‌లో అక్టోబరులో తీసుకెళ్ళా. ఈ ఏడాది మొదటి సంవత్సరం, వచ్చే ఏడాది రెండోది అన్నారు. వాడి స్నేహితులంతా మే నెలలో తెల్లబట్టలేసుకుని లైన్లో వెళ్తుంటే వీడు బల్లలో కూచుని చూశాడు, ఇంటికొచ్చి ఆ రోజంతా మాట్లాడలేదు. కాబట్టి మీ బాబుకి ఏడేళ్ళంటే ఒక్క వారం కూడా ఆలస్యం చెయ్యొద్దు. ఇండియాలో సత్యోపదేశం క్లాసులకి వెళ్ళుంటే ఆ ఫాదర్ గారి దగ్గర ఒక లెటర్ తెప్పించి చూపించండి, కొన్నిచోట్ల దాన్ని మొదటి ఏడాదిగా లెక్కేసుకుంటారు.

క్లాసుల్లో ఇంగ్లీషు జపాలు అప్పజెప్పమంటారు. మనవాడికి పరలోక జపం తెలుగులో నోటికొచ్చు, ఇంగ్లీషులో అడిగేసరికి నోరు పెగలదు, టీచరేమో వీడికి ప్రార్థనలే రావు అనుకుంటుంది. రెండూ నేర్పండి. ఇంగ్లీషుది క్లాసు కోసం కారులో వెళ్తూ వస్తూ నేర్పొచ్చు, రాత్రి పడుకునేముందు మాత్రం తెలుగులోనే చెప్పించండి. మేం ఒక్క మంగళవార్త జపం (మరియమ్మకి చెప్పే జపం), ఒక్క పరలోక జపం, తర్వాత అమ్మమ్మ నానమ్మ పేర్లు, అయిదు నిమిషాలు, అంతకన్నా ఎక్కువ పెట్టలేదు. జపమాల మొత్తం చెప్పించాలని మొదట్లో పట్టుబట్టా, రెండో పదికే (పది పూసల వరసకి ఒక పది) చిన్నది నిద్రపోయేది, పెద్దాడు పూసలతో కారు ఆట ఆడేవాడు, నేను అరిచేదాన్ని, ప్రార్థన కాస్తా తిట్లతో ముగిసేది. అక్టోబరు నెలలో మాత్రం రోజుకో పది చెప్పుకుంటాం, ఒక్కొక్కళ్ళు రెండేసి చదువుతారు. వారానికి గంట క్లాసులో వాళ్ళు నేర్పేది పరీక్షకి సరిపోతుంది అంతే. మా పిల్లలకి ఇప్పుడు తెలుగు చదవడం అంతంతమాత్రమే గానీ పిత పుత్ర పవిత్రాత్మ నామమున అని మాత్రం తడుముకోకుండా అంటారు, వాళ్ళ నానమ్మ వీడియో కాల్‌లో అది విని కళ్ళు తుడుచుకుంటుంది ప్రతిసారీ.

క్లాసులో సాయం చెయ్యాలని మీకు అనిపిస్తే చాలా మంచిది, వాళ్ళకి మనుషులు ఎప్పుడూ తక్కువే. కానీ నేరుగా లోపలికి రానివ్వరు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి, పిల్లల భద్రత గురించి ట్రైనింగ్ ఇచ్చి అప్పుడు రమ్మంటారు. మనల్ని అనుమానిస్తున్నారని బాధపడొద్దు, పిల్లల మీద జరిగిన ఘోరాలు బయటపడ్డాక 2002లో అమెరికా మేత్రాణులంతా (బిషప్పులంతా) ఈ డల్లాస్‌లోనే కూచుని రాసుకున్న నియమాల నుంచి వచ్చింది ఇది. నాకైతే మన దగ్గర కూడా ప్రతి విచారణలో ఇంత గట్టిగా ఉండాలనిపిస్తుంది.

చంటిపిల్లతో పూజకి ఎట్లా అంటావా. మన గుడిలో చెప్పులు బయట వదిలి చాపల మీద కూచుంటాం, ఆడవాళ్ళొకవైపు మగవాళ్ళొకవైపు, పిల్లలంతా ముందు, ఒకడు ఏడిస్తే పక్కావిడ ఎత్తుకుంటుంది. ఇక్కడ బూట్లతోనే లోపలికి, బల్లల్లో, పిల్ల కిక్కుమన్నా నలుగురు వెనక్కి చూసినట్టుంటుంది (నిజానికి చాలామంది చూసేది ముచ్చటపడే, మనకే భయం). కొన్ని గుళ్ళలో అద్దాల గది ఉంటుంది ఏడ్చే పిల్లలకి, నేను దాన్లో ఏడాది గడిపా, అక్కడ పిల్లలు పూజ చూడరు, ఒకళ్ళ బొమ్మలు ఒకళ్ళు లాక్కుంటారు. తర్వాత ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ చెప్పింది, ముందు బల్లలో కూచోబెట్టు, ఏం జరుగుతుందో కనపడితే వాళ్ళే చూస్తారు అని. నిజంగానే పనిచేసింది. ఆదివారం కుదరకపోతే శనివారం సాయంత్రం పూజకెళ్ళినా ఆదివారం పూజ కిందే లెక్క, చంటిపిల్ల నిద్ర టైము చూసుకుని వెళ్ళండి. సత్ప్రసాదం తీసుకోని పిల్లల్ని కూడా లైన్లో తీసుకెళ్ళొచ్చు, చేతులు గుండెమీద అడ్డంగా పెట్టుకోమని చెప్పండి, ఫాదర్ దీవిస్తారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం నాలుగింటి పూజకి మాత్రం గంట ముందెళ్ళకపోతే కూచునే చోటుండదు, పిల్లలున్న కుటుంబాలన్నీ దానికే వస్తాయి.

పాపకి ఇంకా జ్ఞానస్నానం కాలేదంది ఆ అమ్మాయి, ఇండియా వెళ్ళినప్పుడు చేయిద్దామని. అంతదాకా ఎందుకు, ఇక్కడే చేయించుకోండి. అమ్మానాన్నలకి ముందొక క్లాసు ఉంటుంది. జ్ఞానతల్లిదండ్రులుగా ఉండేవాళ్ళకి పదహారేళ్ళు నిండాలి, కాథలిక్కులై ఉండాలి, భద్రమైన అభ్యంగనం అయ్యుండాలి. ఒక్కళ్ళున్నా చాలు, ఇద్దరైతే ఒక ఆడ ఒక మగ. మన ఇళ్ళల్లో వచ్చే చిక్కేంటంటే మేనమామ లూథరన్ అయ్యుంటాడు, పిన్ని వాళ్ళు బాప్టిస్టు అయ్యుంటారు, అందర్నీ ఆర్‌సీఎం వాళ్ళే అనుకుని మాటిచ్చేస్తాం. బాప్తిస్మం పొందిన వేరే సంఘం వాళ్ళు జ్ఞానతండ్రి కాలేరు గానీ ఒక కాథలిక్ జ్ఞానతల్లితో పాటు సాక్షిగా నిలబడొచ్చు, రిజిస్టర్లో అట్లాగే రాస్తారు. ముందే మేనమామకి చెప్పండి, ఆ రోజు ఆఫీసులో తెలిస్తే బాధపడతాడు. ఇండియాలో ఉన్న అన్నయ్యనే పెట్టాలంటే ఆయన తరఫున ఇక్కడ ఒకళ్ళు నిలబడే వీలు కూడా ఉంది, ఆఫీసులో అడగండి. ఇక పుట్టువెంట్రుకలు విజయవాడలో మరియమ్మ గుడి ఉన్న గుణదలలోనే అనుకుంటే ఆగండి, దానికేం తొందర, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళకి టికెట్ దొరికితే అంతకంటే ఏం కావాలి.

ఇక ఈస్టర్ పండక్కి ముందొచ్చే తపస్సుకాలం (లెంట్). మన ఇళ్ళల్లో నలభై రోజులూ మాంసం ముట్టనివాళ్ళున్నారు. ఇక్కడ మాంసం మానే నియమం ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం, ఆ కాలంలో వచ్చే శుక్రవారాలు, అంతే, చేప తినొచ్చు, గుడ్డు తినొచ్చు. అది కూడా పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళకే. మావాడు ఫస్ట్ గ్రేడ్‌లో శుక్రవారం స్కూల్లో పెప్పరోని పిజ్జా తిని, మధ్యాహ్నం గుర్తొచ్చి ఏడ్చి, టీచరు నాకు ఫోన్ చేసేదాకా వెళ్ళింది. నా తప్పే, భయపెట్టి చెప్పా. ఆ శుక్రవారాల్లో చాలా విచారణల్లో నైట్స్ ఆఫ్ కొలంబస్ (కాథలిక్ మగవాళ్ళ సంఘం) వాళ్ళు ఫిష్ ఫ్రై పెడతారు, తప్పకుండా వెళ్ళండి, మాకు మొదట స్నేహితులు దొరికింది ఆ బల్లల దగ్గరే. చేపకి ఉప్పూకారం ఉండదు, చిన్న సీసాలో మన కారం పట్టుకెళ్ళండి, సిగ్గేం లేదు.

మన తెలుగువాళ్ళ మధ్య ఇంకో తమాషా. మనం గుడి అంటాం, పూజ అంటాం. తెలుగు అసోసియేషన్ ఉగాది ఫంక్షన్‌లో మా చిన్నది "ఆంటీ, మేం పొద్దున గుడికెళ్ళి పూజ చూసుకుని వచ్చాం" అంటే ఆవిడ "ఫ్రిస్కో హనుమాన్ టెంపుల్‌కా బంగారం" అంది, ఇది "కాదు, సెయింట్ జోసఫ్" అంది, ఆవిడ మొహం చూడాలి. స్కూల్లో దీపావళి గురించి చెప్పమని టీచర్లు మన పిల్లల్నే లేపుతారు, ఇండియన్ అంటే హిందువనే లెక్క. పిల్లలకి రెండు ముక్కల్లో చెప్పుకోవడం నేర్పండి, మా తాతముత్తాతలప్పటినుంచీ కాథలిక్కులం, ఇండియాలో మాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు అని. 2022లో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల ఆంథోని గారు కార్డినల్ అయినప్పుడు ఆ ఫోటో మావాడు స్కూలుకి పట్టుకెళ్ళాడు, తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్ అని. స్నేహితుల ఇళ్ళల్లో బతుకమ్మకి, బర్త్‌డేలకి మేం వెళ్తాం, వాళ్ళు క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చి మేం పెట్టిన పశువుల పాక చూస్తారు. అసలు ఇబ్బంది పెట్టేది వేరే తెలుగు సంఘాల నుంచి వచ్చే బ్రదర్లు, "మీరు మరియమ్మని పూజిస్తారటగా సిస్టర్" అని పిల్లల ముందే మొదలెడతారు. వాదించను, కాఫీ ఇస్తా.

తెలుగు పూజ కోసం వెతుక్కోండి, తెలుగు ఫాదర్లున్న కొన్ని ఊళ్ళల్లో అప్పుడప్పుడు పెడతారు, చిన్న ఊళ్ళో పడినా కంగారు పడొద్దు, అక్కడ విచారణ గురువులే మన కడప ఆయనో కర్నూలు ఆయనో కావచ్చు. నాకు ఇప్పటికీ కష్టమనిపించేది నవంబరు 2, చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజు. ఊళ్ళో అయితే ముందురోజే సమాధులు కడిగి సున్నం వేసి సాయంత్రం పూలు, కొవ్వొత్తులతో అంతా అక్కడే ఉంటాం. ఇక్కడ మనకి సమాధి అంటూ ఏదీ లేదు కదా. గుడిలో ఒక పుస్తకం పెడతారు, చనిపోయినవాళ్ళ పేర్లు రాయమని, మా పిల్లలు తాతల పేర్లు వంకర తెలుగక్షరాల్లో రాస్తారు, ఆ పేజీలో స్పానిష్ పేర్లు, వియత్నాం పేర్ల మధ్యలో మా రాయప్ప తాత.

కాథలిక్ స్కూలు సంగతి అడిగింది గానీ దానికి పెద్దగా ఆలోచించొద్దన్నా. ఫీజు ఏడాదికి వేలల్లో ఉంటుంది, కొత్తగా వచ్చి ఒక్క జీతం మీద ఉన్నప్పుడు అవసరం లేదు, పబ్లిక్ స్కూల్లో చదివి విచారణ క్లాసులకి వచ్చే పిల్లలే ఎక్కువ.

ఇదంతా విని ఆ అమ్మాయి "ముందు ఏం చెయ్యమంటావ్ అక్కా" అంది. సర్టిఫికెట్ కోసం ఈ రాత్రే మామగారికి ఫోన్ చెయ్యి, అక్కడ పొద్దున్నే అవుతుంది, పూజయ్యాక ఫాదర్ గారు దొరుకుతారు. రిజిస్టర్లో వెతకడానికి బాబు జ్ఞానస్నానం తేదీ, అప్పటి ఫాదర్ గారి పేరు ఫోటోల్లో చూసి చెప్పు. సోమవారం పారిష్ ఆఫీసుకి వెళ్ళు, పాపని కూడా ఎత్తుకుని వెళ్ళు, చంటిపిల్లని చూస్తే ఆ పెద్దావిడలు కాగితాలు తొందరగా తీస్తారు.