‘ఎమ్మెల్యే గారి తాలూకా’ తప్పా?

సందేహం: 2024 ఎన్నికలప్పుడు బళ్ల మీద ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని తెగ రాయించుకున్నారు. తాలూకా అంటే కొన్ని ఊళ్లు కలిసిన ప్రాంతం కదా, మనిషి తాలూకా ఎలా అవుతాడు? బాపతు, ఆసామి, బేవార్సు కూడా ఇలా కుర్రకారు పుట్టించినవేనా?

సమాధానం: తప్పేమీ లేదండీ. నిజానికి బళ్ల మీద కనిపించే అర్థమే మూలానికి దగ్గర. అరబ్బీలో ‘తఅల్లుక్’ అంటే సంబంధం. ఒక అధికారికో జమీందారుకో సంబంధించిన ఊళ్లు అతని తాలూకా, అలా అది ప్రాంతానికి పేరైంది. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు వచ్చి ఆ తాలూకాలు పోయాయి గానీ పాత అర్థం ఎక్కడికీ పోలేదు. ‘ఈ పొలం తాలూకు కాగితాలు’ అని రోజూ అంటూనే ఉన్నాం. ఉత్తరాంధ్రలో ‘మీరెవరి తాలూకా?’ అంటే ఎవరి మనుషులు, ఎవరింటివాళ్లు అని అడగడమే.

మిగతావీ కుర్రకారువి కావు, కచేరీ, అంటే సర్కారు ఆఫీసు, కాగితాల్లోంచి వీధిలోకి వచ్చినవి. గోల్కొండ కుతుబ్‌షాహీలు ఫారసీ, తెలుగు రెండింటిలోనూ ఫర్మానాలు రాయించారు, ఆ తర్వాత నిజాం కొలువులోనూ ఈస్టిండియా కంపెనీ కచేరీల్లోనూ శిస్తు లెక్కలు ఇలాంటి మాటలతోనే నడిచాయి. అవి ఎన్ని పేరుకున్నాయంటే, బ్రౌన్ దొర 1854లో వాటికోసం విడిగా మిశ్రభాషా నిఘంటువే వేయాల్సి వచ్చింది!

బాపతు లెక్కల మాట, ఫలానా పద్దు కింద అని. ‘వాడు ఆ బాపతే’ అన్నామంటే మనిషిని ఓ పద్దులో రాసేసినట్టే. నాకు వీటన్నిట్లోకీ ఇష్టమైంది ఆసామి. అరబ్బీలో అది బహువచనం, ‘పేర్లు’ అని అర్థం. శిస్తు కట్టాల్సినవాళ్ల పేర్ల పట్టీలో ఉన్న ఒక్కో రైతూ ఆసామి అయ్యాడు, భూమి బాగా ఉన్నవాడు పెద్ద ఆసామి అయ్యాడు, ఇప్పుడు ‘ఎవరో ఆసామి వచ్చాడు’ అంటే భూమీ శిస్తూ అక్కర్లేదు, ఎవరైనా సరే.

బేవార్సులో ‘బే’ అంటే లేని, ‘వారిస్’ అంటే వారసుడు. హక్కుదారు లేని ఆస్తికి వాడే మాట పనీపాటా లేనివాణ్ణి తిట్టే తిట్టయింది, కన్నడంలోనూ బేవర్సి అని ఇదే తిట్టు. దీన్ని మాత్రం వాడకండి, ముఖ్యంగా పిల్లల మీద. నా అన్నవాళ్లు లేకపోవడం ఎవరి తప్పూ కాదు. తాలూకు, బాపతు, ఆసామి మాత్రం వ్యాసంలోనైనా నిస్సంకోచంగా రాయండి.