"నీరజ్ కూడా 19వ స్థానమే కదా నాన్నా" అంటున్న కొడుకుకి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. వయసు 16. తొమ్మిదో తరగతి నుంచి జావెలిన్ త్రో చేస్తున్నాడు. జిల్లాలో ఫస్ట్, రాష్ట్రంలో సెకండ్ వచ్చాడు. ఈమధ్య జాతీయ యూత్ పోటీలకు వెళ్లి 59 మీటర్లు విసిరాడు. 14వ స్థానం. ఫైనల్‌కు కూడా వెళ్లలేదు. కాలేజీలో గ్రౌండో చదువో తేల్చుకోమంటున్నారు. మానెయ్‌రా అంటే "నీరజ్ చోప్రా కూడా వరల్డ్ యూత్‌లో 19వ స్థానమే కదా నాన్నా" అంటాడు. అది నిజమేనా? నిజమైతే దాన్ని నమ్ముకుని పిల్లాణ్ని వదిలెయ్యొచ్చా?
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు:

నిజమేనండీ. మీవాడు ఊరికే అనలేదు, చదివే చెబుతున్నాడు. 2013 జులైలో ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్‌లో ప్రపంచ యూత్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పోల్‌వాల్ట్ దిగ్గజం సెర్గీ బుబ్కా ఊరు అది. (మరుసటి ఏడాదే అక్కడ యుద్ధం మొదలైంది. ఆ మైదానంలో పరిగెత్తిన పిల్లల్లో ఒక్కరైనా అది ఊహించి ఉంటారా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.) అబ్బాయిల జావెలిన్ క్వాలిఫయింగ్‌లో నీరజ్ విసిరింది 66.75 మీటర్లు. మొత్తం మీద 19వ స్థానం. ఫైనల్‌కు 12 మందినే తీసుకుంటారు కాబట్టి అక్కడితో ఆయన పోటీ అయిపోయింది.

క్వాలిఫయింగ్ అంటే ఎలా ఉంటుందో మీకు తెలిస్తే మీవాడి 14వ స్థానం కూడా కొంచెం అర్థమవుతుంది. ఒక్కొక్కరికి మూడే మూడు త్రోలు. మొదటిది సెక్టార్ (జావెలిన్ పడాల్సిన హద్దు) గీత బయట పడిందనుకోండి, రెండోదాంట్లో పిల్లాడు జాగ్రత్త పడతాడు. జాగ్రత్త పడితే చెయ్యి బిగుసుకుపోతుంది. జావెలిన్ మొన ముందు తగలకుండా బల్లపరుపుగా నేల మీద పడితే ఎర్ర జెండా లేస్తుంది, ఆ త్రో చెల్లదు. ఇక మిగిలేది ఒక్కటే. వేరే ఊళ్లో, తెలియని గాలిలో, తన వంతు కోసం అరగంట కూర్చుని ఒళ్లు చల్లబడ్డాక ఆ ఒక్కటీ వెయ్యాలి. ఎన్నో నెలలు చేసిన ప్రాక్టీసు ఆ కాసేపట్లో తేలిపోతుంది. కాబట్టి ఫైనల్‌కు రాకపోవడాన్ని బట్టి పిల్లాడి మీద తీర్పు చెప్పకండి.

అయితే మీవాడి వాదనలో ఒక లోపం ఉంది. అది వాడికి మీరే చెప్పాలి. 19వ స్థానంలో ఉన్న కుర్రాడు ఒలింపిక్ ఛాంపియన్ అయ్యాడు, అందుకే ఆ 19 మనకు గుర్తుంది. ఆ రోజు 20వ, 21వ స్థానాల్లో ఉన్న పిల్లలు ఏమయ్యారో ఎవరూ చెప్పరు. స్థానం ఒక్కటే చూస్తే వాళ్లకూ నీరజ్‌కూ తేడా లేదు. కాబట్టి స్థానం పక్కన పెట్టి మిగతా లెక్కలు చూద్దాం.

మొదటిది వయసు. ఆ ఏడాది దొనెత్స్క్‌లో పాల్గొనే అర్హత 1996, 1997ల్లో పుట్టినవాళ్లకు. నీరజ్ పుట్టింది 1997 డిసెంబర్ 24న. అంటే ఆ పోటీల్లో అందరికంటే చిన్నవాళ్లలో ఆయన ఒకడు. తనకంటే దాదాపు రెండేళ్లు పెద్దవాళ్లతో పోటీ పడ్డాడు. పదిహేను, పదిహేడేళ్ల మధ్య మగపిల్లల ఒంట్లో ఎంత మార్పు వస్తుందో ఇంట్లో మీరే చూస్తుంటారు. మీరు మీ అబ్బాయి వయసు 16 అని రాశారు గానీ పుట్టిన నెల రాయలేదు. డిసెంబర్‌లో పుట్టాడా, జనవరిలో పుట్టాడా అన్నది ఈ లెక్కలో చాలా ముఖ్యం. వచ్చే ఏడాది కూడా అండర్-18లోనే ఉంటాడా లేక అండర్-20కి వెళ్లిపోతాడా అన్నది పుట్టిన సంవత్సరాన్ని బట్టే తేలుతుంది. అండర్-20కి వెళ్తే చేతిలోకి 800 గ్రాముల జావెలిన్ వస్తుంది. ఇప్పుడు విసురుతున్నది 700 గ్రాములది. వంద గ్రాములే కదా అనుకోవద్దు. బరువు మారిన మొదటి ఏడాది దూరం తగ్గడం మామూలే. అది తెలియని ఇళ్లలో "వీడు వెనకబడిపోయాడు" అని అప్పుడే మాన్పించేస్తారు.

రెండోది, అంతకుముందు ఏం విసిరాడు అన్నది. నీరజ్ దొనెత్స్క్ వెళ్లే ముందు ఏడాదే, 2012లో లక్నోలో జరిగిన జాతీయ జూనియర్ పోటీల్లో 68.40 మీటర్లు విసిరి అండర్-16 జాతీయ రికార్డు పెట్టాడు. అప్పటికి ఆయనకు పదిహేనేళ్లు కూడా పూర్తిగా నిండలేదు. అంటే దొనెత్స్క్‌లో విసిరింది తన సొంత దూరం కంటే తక్కువ. చెయ్యగలిగింది ఆ రోజు చెయ్యలేకపోయాడు. మీవాడి 59 సంగతేమిటి? గ్రౌండ్‌లో 63 విసిరే పిల్లాడు అక్కడ 59 దగ్గర ఆగిపోయాడా? లేక 59 అన్నదే వాడి జీవితంలో అన్నిటికంటే పెద్ద త్రోనా? ఈ రెంటికీ నా సలహా ఒకటి కాదు. మొదటిదైతే అది పోటీ అనుభవంతో తీరే సమస్య. రెండోదైతే కుర్రాడు తను చెయ్యగలిగింది చేశాడు. ఇంకా కొన్ని మీటర్లు పెరగాలి.

ఎన్ని మీటర్లు? ఒక కొలత చెబుతాను. 2025 ఏప్రిల్‌లో సౌదీలోని దమ్మామ్‌లో ఆసియా అండర్-18 పోటీలు జరిగాయి. అబ్బాయిల జావెలిన్‌లో స్వర్ణం మన దేశానికే వచ్చింది, 67.57 మీటర్లతో. ప్రపంచ యూత్ పోటీలు 2017 నైరోబీతో ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు మీవాడి వయసు పిల్లలకు ఆసియా పోటీలే పెద్ద మెట్టు. ఇందులో ఒక సంగతి గమనించండి. నీరజ్‌కు దొనెత్స్క్‌లో 19వ స్థానం తెచ్చిన దూరానికీ, దమ్మామ్‌లో స్వర్ణం తెచ్చిన దూరానికీ తేడా మీటరు కూడా లేదు. ఎదురుగా ఎవరున్నారు అన్నదాన్ని బట్టి స్థానం మారిపోతుంది, మీటర్లు మాత్రం మారవు. అందుకే పిల్లలకు నేను ఎప్పుడూ మీటర్లే రాసిపెట్టుకోమంటాను. మీవాడికి ఆ గీత ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో ఉంది. తక్కువేమీ కాదు. 16 ఏళ్ల పిల్లాడికి అందని దూరమూ కాదు.

మూడోది, ఆ తర్వాత ఏం జరిగింది అన్నది. మీవాడు చెప్పే కథలో ఈ భాగం ఉండదు. దొనెత్స్క్ నుంచి తిరిగొచ్చాక నీరజ్ పంచకులలో శిక్షణ కొనసాగించాడు. 2015లో కేరళలో జరిగిన జాతీయ క్రీడల్లో వచ్చింది ఐదో స్థానమే, అయినా పటియాలా జాతీయ శిబిరానికి పిలుపు వచ్చింది. ఆ ఏడాది చివరికి 800 గ్రాముల జావెలిన్‌తో 81 మీటర్లు దాటాడు. 2016 జులైలో పోలండ్‌లోని బిద్‌గోష్చ్‌లో 86.48 మీటర్లతో అండర్-20 ప్రపంచ రికార్డు, స్వర్ణం. రియో ఒలింపిక్స్ అర్హత 83 మీటర్లే, కానీ ఆ గడువు 12 రోజుల ముందే ముగిసింది! మూడేళ్లలో, ఇంకా బరువైన జావెలిన్‌తో, దాదాపు 20 మీటర్లు పెరిగాడన్నమాట. "నీరజ్ కూడా ఓడిపోయాడు" అనే పిల్లాణ్ని "మరి నీరజ్ లాగా ఏడాదికి ఎంత పెరిగావు?" అని అడగండి. కోపంగా కాదు, కూర్చోబెట్టి నోట్‌బుక్ తెరిపించి అడగండి. తొమ్మిదిలో ఎంత, పదిలో ఎంత, ఇప్పుడెంత? ఏటా నాలుగైదు మీటర్లు పెరుగుతూ వస్తుంటే నా మాట ఒకటే, మాన్పించకండి. ఏడాదిన్నరగా 58, 59 దగ్గరే ఆగిపోయి ఉంటే ముందు కోచ్‌తో మాట్లాడండి, తర్వాత డాక్టరుకు మోచెయ్యి చూపించండి.

మోచెయ్యి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, మంచి త్రోయర్. సర్టిఫికెట్ల ఫైలు ఇస్తూ చెయ్యి చాపాడు. కుడి చెయ్యి పూర్తిగా చాపలేకపోయాడు. మోచెయ్యి దగ్గర కొంచెం వంగి ఆగిపోయింది. ఎన్నాళ్ల నుంచి అంటే ఏడాది అన్నాడు. సెలక్షన్ ముందు నొప్పి మాత్రలు వేసుకుని విసిరాడట. ఇంట్లో చెబితే మాన్పిస్తారని చెప్పలేదు. ఆ మాట విన్నాక ఆ తండ్రి ముఖం నేను మర్చిపోలేదు. మీరు "మానెయ్" అన్న ప్రతిసారీ మీ పిల్లాడు కూడా నొప్పి దాచుకునే అవకాశం పెరుగుతుంది. నీరజ్‌కు కూడా 2019లో మోచేతికి ఆపరేషన్ అయింది. మంచి వైద్యం, మంచి విశ్రాంతి దొరికాయి కాబట్టి తిరిగి వచ్చాడు. అలాగే జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడులూ, ఇంజెక్షన్లూ ఇంట్లోకి రానివ్వకండి. డోప్ పరీక్షలో దొరికితే పతకంతోపాటు ఆ సర్టిఫికెట్ మీద రావాల్సిన సీటూ, ఉద్యోగమూ పోతాయి.

ఇక చదువు. కాలేజీ వాళ్లు చెప్పేది వాళ్ల వైపు నుంచి నిజమే. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా క్లాసులు, స్టడీ అవర్లు ఉండే చోట జావెలిన్ సాగదు. కానీ ఇంటర్ అంటే అదొక్కటే కాదు కదా. ఎంపీసీ మీవాడికి ఇష్టమైతే ఎంపీసీలోనే ఉంచండి, కాలేజీ మార్చండి. సాయంత్రం నాలుగింటికి వదిలేసే మామూలు డే కాలేజీ, నడిచి వెళ్లేంత దూరంలో గ్రౌండ్ ఉంటే చాలు. ఇంటర్‌లో మంచి మార్కులు రావాలి, అందులో రాజీ వద్దు. లక్షల మందితో జేఈఈ ర్యాంకు పరుగు, జాతీయ స్థాయి జావెలిన్ రెండూ ఒకే రెండేళ్లలో అంటే ఎక్కువమంది పిల్లలు రెంటికీ చెడతారు. నేను చూసింది ఇదే.

ఆట వల్ల చదువులో వచ్చే లాభం ఉంది గానీ, ఉన్నదాని కంటే ఎక్కువ ఊహించుకోకండి. ఈఏపీసెట్‌లో స్పోర్ట్స్ కోటా సీట్లు చాలా తక్కువ. పతకం స్థాయిని బట్టి ప్రాధాన్యం ఉంటుంది, పాల్గొన్నామన్న కాగితంతో పెద్దగా ఒరిగేది లేదు. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ఒక్కో బీటెక్ కోర్సులో క్రీడాకారులకు రెండేసి అదనపు సీట్లు ఇస్తోంది, అందులో ఒకటి అమ్మాయిలకు. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాలి, గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ పతకం ఒకటైనా ఉండాలి. 14వ స్థానం అక్కడ లెక్కలోకి రాదు. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైతే మాత్రం ఏడాదికి 6.28 లక్షల రూపాయల సాయం ఉంటుంది. అందులో నెలకు 10 వేలు పిల్లాడి చేతి ఖర్చులకు. మిగతాది శిక్షణకు, వసతికి. మంచి జావెలిన్ ఒకటి లక్ష రూపాయల దాకా పలికే ఆటలో ఆ సాయం చిన్నది కాదు.

ఉద్యోగాల విషయానికొస్తే రైల్వే, సైన్యం, పోలీసు, కేంద్ర బలగాలు అథ్లెట్లను తీసుకుంటాయి. నీరజ్ 2016లో సైన్యంలో నాయబ్ సుబేదార్‌గా చేరింది ఆట మీదే. అక్కడ కూడా జాతీయ స్థాయి ఫలితమే అడుగుతారు. అంతదాకా వెళ్లకపోయినా ఈ ఆట తెలిసినవాడికి బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా, స్పోర్ట్స్ సైన్స్ లాంటి దారులున్నాయి. ఫిజియోథెరపీ మీద ఆశ ఉంటే మాత్రం ఇప్పుడే జాగ్రత్త, దానికి బైపీసీ కావాలి.

కాబట్టి మీ ఇద్దరికీ నేను చెప్పేది అండర్-18 దాటి 800 గ్రాముల జావెలిన్‌తో ఒక ఏడాది విసిరేదాకా ఒక ఒప్పందం. మీరు ఈ మధ్యలో "మానెయ్" అనే మాట ఎత్తకండి. వాడు నీరజ్ పేరు ఎత్తకుండా తన నోట్‌బుక్ చూపించాలి. ప్రతి పోటీ అయ్యాక దూరం, గాలి, నొప్పి ఉందా లేదా, మూడూ రాయాలి. 800 గ్రాములతో మొదటి ఏడాది గడిచాక మళ్లీ కూర్చుని మాట్లాడుకోండి.

పుట్టిన తేదీ, తొమ్మిదో తరగతి నుంచి ప్రతి పోటీలో విసిరిన దూరాలు, ఎత్తు, బరువు, కాలేజీ టైమ్ టేబుల్ నాకు రాసి పంపండి. చూసి ఏ కాలేజీ, ఏ గ్రౌండ్ కుదురుతుందో చెబుతాను. ఈలోగా ఒక్క పని చెయ్యండి. ఈ రోజు రాత్రి అన్నం తిన్నాక వాడి కుడి చెయ్యి పూర్తిగా చాపమనండి.