కొత్తగా క్లాసు అందుకున్న టీచరమ్మకు

అమ్మా,

నీ ఉత్తరం అందింది. క్లాసులో కొందరు పిల్లలకు ప్రత్యేక అవసరాలున్నాయని, వాళ్ల రిపోర్టులు ఎన్నిసార్లు చదివినా ఏం చేయాలో తోచక టెన్షన్ పడుతున్నానని రాశావు. తోచదమ్మా. రిపోర్టు ఇబ్బంది పేరు చెబుతుంది గానీ, రేపు రెండో పీరియడులో నువ్వేం చేయాలో చెప్పదు. అది పిల్లల్ని చూసి పట్టుకోవాల్సిందే.

బోర్డు మీదది రాసుకోని పిల్లాడి సంగతే తీసుకో. "వీడు రాయడు" అని వదిలేయకు. కాసేపు పక్కన నిలబడి గమనించు. తల ఎత్తుతాడు, ఒక్క అక్షరం చూసి దించుతాడు, మళ్లీ ఎత్తేసరికి ఏ వరుసలో ఉన్నాడో మర్చిపోతాడు. వాడికి అదే పాఠం కాగితం మీద రాసి బల్ల మీద పెట్టు, చదివే వరుస కింద స్కేలు పెట్టుకోమను. ఇంకొకడు కళ్లు చిట్లిస్తాడు. వాడిని ముందు బెంచీకి తీసుకురా, అక్షరాలు పెద్దగా రాయి, కిటికీ వెలుతురు పడి బోర్డు మెరవకుండా చూడు, ఇంట్లోవాళ్లతో కంటి పరీక్ష మాటెత్తు. ఇంకో పిల్లకు పాఠమంతా వచ్చు, పెన్సిలు పట్టిన వేళ్లే సహకరించవు. ఆమె నోటితో చెబితే రాసినట్టే మార్కులు వెయ్యి. సైన్సు పీరియడులో నువ్వు చూడాల్సింది సైన్సు వచ్చిందా అని, చేతిరాత ఎలా ఉందని కాదు. ముగ్గురి నోటుబుక్కులూ ఖాళీయే, కారణాలు మాత్రం వేరు.

ప్రశ్న అడిగాక ఆగడం నేర్చుకో. టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని, కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. మాట కూడదీసుకోవడానికి టైం పట్టే పిల్లలకు 3 సెకన్లు కూడా చాలవు. ఆ మౌనం నీకు ఇబ్బందిగా ఉంటుంది, అయినా ఓర్చుకో. ఈలోగా పక్కవాడు జవాబు అందించకుండా చూడు.

చెప్పే పని ఒక్కొక్కటిగా చెప్పు. "పుస్తకం తియ్యండి" అన్నాక అందరూ తీసేదాకా ఆగి, అప్పుడు పేజీ నంబరు చెప్పు, అదే నంబరు బోర్డు మీద కూడా వెయ్యి. వినికిడి మిషన్ పెట్టుకున్న పిల్ల ఉంటే బోర్డు వైపు తిరిగి మాట్లాడకు, ఆమెకు నీ పెదాలు కనిపించాలి. ఆటిజం ఉన్న పిల్లాడికి టైంటేబుల్ మారితే ముందే చెప్పు, వీలైతే బొమ్మలు వేసి చూపించు. వాడు చెవులు మూసుకుని అరుస్తుంటే అది మొండితనం అనుకోకు. ముందు చప్పుడు తగ్గించు, బుజ్జగింపులు తర్వాత.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లాడి కోసం స్కూలు సహాయకురాలిని ఇస్తే సంతోషమే గానీ, ఆమెను రోజంతా ఆ పిల్లాడి పక్కనే కూర్చోనివ్వకు. మిగతా పిల్లలు వాడితో మాట్లాడటం మానేస్తారు, నువ్వు కూడా నీకు తెలియకుండానే వాడిని ఆమెకు అప్పగించేస్తావు. ఆమె క్లాసంతా తిరిగి మిగతావాళ్ల పని చూస్తుంటే, వాడి దగ్గర నువ్వు కూర్చో.

"వాడికి వేరే స్కూలు లేదా?" అని మిగతా తల్లిదండ్రులెవరైనా అడుగుతారు. కోప్పడకు. వీలైనంతవరకు పిల్లలందరూ కలిసే చదువుకోవాలని 1994లో స్పెయిన్‌లోని సాలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు ఒప్పుకున్నారని చెప్పు. అంతకన్నా ముఖ్యంగా, వాడి కోసం నువ్వు బోర్డు మీద వేసిన పేజీ నంబరు వాళ్ల పిల్లలు కూడా చూసుకుంటున్నారని చెప్పు.

ఈ వారంలోనే వాడి అమ్మకు ఫోన్ చెయ్యి. ఆమెకు స్కూలు నుంచి ఫోన్ వస్తే ఫిర్యాదే అన్న భయం ఉంటుంది, కాబట్టి వాడు ఆ రోజు బాగా చేసిన పనితోనే మాట మొదలుపెట్టు. ఇంట్లో వాడు దేనికి బెదురుతాడో, ఏం చేస్తే కుదుటపడతాడో అడిగి రాసుకో. వచ్చే ఏడాది వాడిని తీసుకునే టీచరుకు రిపోర్టుతో పాటు ఆ కాగితం కూడా ఇవ్వు.

ఆశీస్సులతో,
మీ పెద్ద మేడం