ఇయర్‌బడ్స్ విప్పి బ్యాటరీ మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొని రెండేళ్లు దాటింది. కుడివైపుది బాగానే ఉంది, ఎడమవైపుది మాత్రం అరగంటకే ఆగిపోతోంది. నేనే విప్పి బ్యాటరీ మార్చుకోవచ్చా?

జవాబు: అప్పుడే విప్పకండి. చెవి గులిమి, చెమట పేరుకుని ఛార్జింగ్ పిన్నులు సరిగా ఆనకపోయినా అచ్చం ఇలాగే జరుగుతుంది కాబట్టి ముందు బడ్‌కీ, కేసు లోపలా ఉన్న పిన్నుల్ని పొడి దూదిపుల్లతో తుడిచి, ఫోన్‌లో నూరు శాతం చూపించేదాకా ఛార్జ్ పెట్టి చూడండి. ఆ తర్వాత కూడా అరగంటకే పడిపోతే బ్యాటరీ అరిగిపోయినట్టే. ఇందులోని బ్యాటరీ సెల్ చాలా చిన్నది, రోజూ ఖాళీ అవుతూ నిండుతూ ఉంటుంది, అందుకే ఫోన్ బ్యాటరీ కంటే ముందే నీరసిస్తుంది.

మార్చగలమా లేదా అన్నది మీ చేతి నైపుణ్యం కంటే ఆ మోడల్‌ను ఎలా బిగించారన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. గుండ్రటి బడ్స్ చాలావాటిలో బటన్ ఆకారపు రీఛార్జబుల్ సెల్ ఉంటుంది. శామ్‌సంగ్ తొలి గెలాక్సీ బడ్స్ ఇలాంటివే. అతుకు దగ్గర కాస్త వేడి తగిలించి, పల్చటి ప్లాస్టిక్ ముక్కతో నెమ్మదిగా విడదీస్తే సెల్ దొరుకుతుంది. తొందరపడి ఒక్కసారిగా లాగితే మాత్రం లోపలి రిబ్బన్ కేబుల్ తెగిపోతుంది, ఇక అంతే. కొత్త సెల్ కొనేటప్పుడు పాతదాని మీది నంబరు, వోల్టేజి రెండూ సరిచూసుకోండి. చూడటానికి ఒకేలా ఉందని రీఛార్జ్ కాని సెల్ పెడితే ప్రమాదం. సెల్‌కి రేకులు వెల్డింగ్ చేసి ఉంటే నేరుగా దానిమీద సోల్డరింగ్ చేయొద్దు, ఆ వేడికి సెల్ పాడవుతుంది, పేలినా పేలొచ్చు. ఇనుప పరికరంతో పొడవడం అంతకంటే ప్రమాదం.

కాడ ఉన్న ఎయిర్‌పాడ్స్ లాంటివైతే ఆశ వదులుకోండి. తొలి ఎయిర్‌పాడ్స్‌లో బ్యాటరీ కాడలో ఉంటుంది, చుట్టూ జిగురు, కోయకుండా బయటికి రాదు. వస్తువుల్ని విప్పి చూసి, ఎంత సులువుగా బాగుచేయొచ్చో మార్కులిచ్చే ఐఫిక్సిట్ వాళ్లు వాటికి పదికి సున్నా ఇచ్చారు, అది న్యాయమే. అలాంటివాటికి కంపెనీ దగ్గర ఒక్క వైపు బడ్ మాత్రమే దొరుకుతుందేమో అడగండి.

ఇంత చిన్న వస్తువులో మార్చుకోగలిగే బ్యాటరీ పెట్టడం కుదరదని కంపెనీలు చెబితే నేను నమ్మను. ఫెయిర్‌ఫోన్ అనే డచ్ కంపెనీ 2024లో తెచ్చిన ఫెయిర్‌బడ్స్‌లో బడ్స్ బ్యాటరీలూ, కేసు బ్యాటరీ కూడా మనమే మార్చుకోవచ్చు. ఈసారి కొనే ముందు ఆ మోడల్‌ను విప్పి చూపించిన వీడియో ఒకటి తప్పకుండా చూడండి. ఇప్పుడున్నవి విప్పదలిస్తే ఛార్జ్ పూర్తిగా దించేశాకే మొదలుపెట్టండి, మళ్లీ అతికించాక వాటిని చెమటకీ వానకీ దూరంగా ఉంచండి.